ఇల్లు తాళ్ళరేవు మండలం, బడి యానాం

యానాం పొలిమేర దాటి సుంకరపాలెం వైపు నాలుగడుగులు వేస్తే మెయిన్ రోడ్డు మీదే మా జిరాక్సు షాపు. జిరాక్సు అన్నది పేరుకే. ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, లామినేషన్లు, హాల్ టికెట్లు, ఆధార్‌లో అచ్చుతప్పులు, ఇవన్నీ మా బతుకుతెరువే. మామూలు రోజుల్లో కరెంటు బిల్లులూ బస్సు టికెట్లూ ఉంటాయి. మే నెల సగం నుంచి జులై దాకా మాత్రం అన్నీ బడి కాగితాలే. ఆ రోజుల్లో మధ్యాహ్నం క్యారేజీ కూడా కౌంటరు వెనకాలే విప్పుతాను.

వచ్చినవాళ్ళని నేను ముందు అడిగేది ఒకటే.

"ఇల్లెక్కడండీ?"

"ఇక్కడేనండి."

"ఇక్కడంటే ఆంధ్రానా, యానామా?"

కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. తాతల నాటి నుంచీ ఒకే రేవులో చేపలు కొనుక్కుని, ఒకే గుడి తీర్థానికి వెళ్ళే మనుషుల్ని పట్టుకుని నీదే రాష్ట్రం అని అడగడం నాకూ బాగోదు. కానీ కంప్యూటర్లో మొదటి గడి అదే. అది నింపకపోతే రెండో గడి తెరుచుకోదు.

బయటివాళ్ళకి యానాం అంటే మందు షాపులూ పెట్రోలు బంకులూ. పన్ను తక్కువ, రేటు తక్కువ. కాకినాడ నుంచి అమలాపురం వెళ్ళేవాళ్ళు ట్యాంకు నింపుకుని వెళ్ళిపోతారు. ఈ ఊరికి వేరే ప్రభుత్వం, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానిది, ఉందని వాళ్ళకి తెలుసు గానీ, ఆ ప్రభుత్వం ఇక్కడ బడులు కూడా నడుపుతుందన్న సంగతి ఎవరికీ తట్టదు. 30 చదరపు కిలోమీటర్ల నేల, 2011 లెక్కల్లో 55 వేల పైచిలుకు జనం. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క కోరింగ పాయ, చుట్టూతా ఆంధ్రా. మా పిన్‌కోడు చుట్టుపక్కల ఊళ్ళలాగే 533తోనే మొదలవుతుంది. ల్యాండ్‌లైన్ కోడు కాకినాడదే, 0884. బండి నంబరు మాత్రం పీవై 04. మా బడుల మీద ఆఖరి మాట చెప్పే ఆఫీసేమో ఎనిమిది వందల కిలోమీటర్లకి పైన, పుదుచ్చేరిలో ఉంది.

పుదుచ్చేరి అనేదే నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పక్కన, మాహే కేరళలో, యానాం మా గోదారి మధ్యలో. ఫ్రెంచి వాళ్ళు ఎక్కడెక్కడ కొట్లు పెట్టుకున్నారో అవన్నీ కలిపి ఒక ప్రభుత్వం అయింది. అందుకని చాలా ఏళ్ళు బడి చదువులు కూడా పక్క రాష్ట్రాన్ని చూసి నడిచాయి. తమిళం ముక్కలకి తమిళనాడు సిలబస్, మాహేకి కేరళది, మాకు ఆంధ్రాది. నేను 1998లో పది పాసయ్యాను. మెమో మీద ఆంధ్రప్రదేశ్ బోర్డు ముద్ర, టీసీ మీద పుదుచ్చేరి ప్రభుత్వం ముద్ర. రెండూ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఇప్పటికీ మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆ రోజుల్లో ఇందులో వింతేముందో మాకు తెలీదు. పంతులుగారు తెలుగు, పుస్తకం తెలుగు, పరీక్ష తెలుగు, ఇంక పుదుచ్చేరి ఎక్కడుందో ఎవడికి కావాలి?

తేడా తెలిసేది సెలవుల్లోనే. ఆగస్టు 15 జెండా అయ్యాక 16న కూడా మాకు సెలవు. 1962లో ఆ రోజు ఫ్రెంచి వాళ్ళ అప్పగింత చట్టప్రకారం పూర్తయిందని. పక్క వీధిలో, అంటే పక్క రాష్ట్రంలో, మా మేనమామ పిల్లలు సంచులు తగిలించుకుని బడికి పోతుంటే మేం గట్టు మీద కూచుని వాళ్ళని ఏడిపించేవాళ్ళం. నవంబరు 1న ఇటు మాకు విమోచన దినం, అటు వాళ్ళకి రాష్ట్రావతరణ. 1954 ఒకటి, 1956 ఒకటి. తేదీ ఒకటే గానీ స్టేజీ మీద ఉపన్యాసాలు వేరు. యానాంలో విమోచన పోరాటం నడిపిన దడాల రఫేల్ రమణయ్య గారి పేరు చెబుతారు, అటు పొట్టి శ్రీరాములు గారి పేరు చెబుతారు. రెండు చోట్లా చాక్లెట్లు పంచుతారు, కాస్త తెలివున్న పిల్లాడు రెండూ సంపాదిస్తాడు.

ఇప్పుడు ఆ తేడా సెలవులతో ఆగలేదు. 2023-24 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వం తన బడులన్నిటినీ సీబీఎస్‌ఈలోకి మార్చింది. కింది తరగతులు అంతకుముందే మారాయి, ఆ ఏడు ఆరు నుంచి తొమ్మిది, పైన పదకొండు, అన్నీ ఒకేసారి. ఎనిమిదిలో ఆంధ్రా పుస్తకాలు చదివిన పిల్లాడు తొమ్మిదిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పట్టుకోవాల్సొచ్చింది. ఆ పిల్లలే 2025లో మొదటి బ్యాచ్‌గా పది బోర్డు పరీక్షలు రాశారు. సీబీఎస్‌ఈ చెడ్డదని నేననను. మా అబ్బాయి సైన్సు పుస్తకం తిరగేస్తే నాకే చదవాలనిపిస్తుంది. కానీ ఆరులో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున ఎక్కించుకుంటూ పోతే ఏం పోయేది? ఎవరికంత తొందర? ఇంటి దగ్గర సైన్సు మాటలు తెలుగులో తప్ప చెప్పుకోని పిల్లలు వాళ్ళు. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం నోట్సు జిరాక్సుకి తెచ్చిన ఓ పిల్ల, ప్రతి ఇంగ్లీషు మాట పైనా పెన్సిల్తో చిన్న తెలుగు మాట రాసుకుంది. చూసి నాకు ముచ్చటేసింది, కోపం కూడా వచ్చింది.

తమాషా ఏంటంటే, సరిగ్గా అదే సమయంలో ఆంధ్రాలో బండి రివర్సులో నడిచింది. అక్కడ వెయ్యి ప్రభుత్వ బడులకి సీబీఎస్‌ఈ ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారగానే మీ పిల్లలు ఇంకా సిద్ధంగా లేరని చెప్పి మళ్ళీ స్టేట్ బోర్డుకి తెచ్చారు. గట్టుకి ఇటు ఎక్కించారు, అటు దింపారు. రెండు చోట్లా ఒకటే రకం పిల్లలు, అదే గోదారి యాస.

సీబీఎస్‌ఈ సబ్జెక్టుల జాబితాలో తెలుగు రెండు రకాలుగా ఉంటుంది. కోడు 007 ఆంధ్రప్రదేశ్ తెలుగు, 089 తెలంగాణ తెలుగు. యానాం తెలుగు అని మూడోది లేదు. ఫారంలో ఆ గడి నింపేటప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

క్యాలెండరు కూడా చీలిపోయింది. ఇప్పుడు యానాం ప్రభుత్వ బడుల్లో ఏప్రిల్లోనే పై తరగతి మొదలుపెట్టేసి, మే నెల సెలవులిచ్చి, మళ్ళీ జూన్‌లో పిలుస్తారు. ఆంధ్రాలో ఏప్రిల్ నాలుగో వారంలో బళ్ళు మూసి జూన్ 12న తెరుస్తారు. సీబీఎస్‌ఈ పది పరీక్షలు ఫిబ్రవరి మధ్యలో మొదలైతే ఆంధ్రా పది పరీక్షలు మార్చి మధ్యలో. అంటే సంక్రాంతి బరుల కాడ పందెం కోళ్ళ ఈకలు ఇంకా ఎగురుతుండగానే యానాం పిల్లాడు పరీక్షకి కూచోవాలి. అన్నదమ్ముల పిల్లలు చెరో పక్క చదివే ఉమ్మడి కుటుంబాలు మా దగ్గర బోలెడు. వాళ్ళింట్లో అమ్మమ్మగారింటికి వెళ్ళే తేదీ కుదరక ఆడవాళ్ళు నా షాపుకొచ్చి రెండు సెలవుల జాబితాలూ పక్కపక్కన ప్రింటు తీయించుకుంటారు. నిజంగా.

తిండి సంగతికొస్తే, మా పుదుచ్చేరి వాళ్ళు కాలరెగరేసుకోవచ్చు. బళ్ళో మధ్యాహ్నం అన్నం పెట్టడం 1930లోనే ఫ్రెంచి ప్రభుత్వం పుదుచ్చేరిలో మొదలుపెట్టింది. దేశంలో చాలా రాష్ట్రాలకి ఆ ఆలోచన రావడానికి దశాబ్దాలు పట్టింది. తర్వాత పొద్దున్నే పాలిచ్చే పథకం కూడా వచ్చింది, రాజీవ్ గాంధీ పేరు మీద. ఆంధ్రా వాళ్ళు ఆలస్యంగా అందుకున్నా గట్టిగానే అందుకున్నారు. గుడ్డు, చిక్కీ, రోజుకో రకం. 2024లో ఆ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చేపోయేవాళ్ళకి వేళాపాళా లేకుండా వండిపెట్టిన మా కోనసీమ ఇల్లాలు. ప్రభుత్వాలు పథకాలకి పెట్టిన పేర్లలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

ఇక డబ్బులు. అమ్మఒడి అని 2020 జనవరిలో తల్లి ఖాతాలో 15 వేలు మొదలుపెట్టారు, ఇప్పుడు తల్లికి వందనం అని 2025 జూన్‌లో వేశారు, అందులో 2 వేలు బడి ఖర్చులకని పట్టుకుని 13 వేలు చేతికి. అది ఆంధ్రా బళ్ళో చదివే పిల్లలకి. ఇల్లు ఆంధ్రాలో ఉండి పిల్ల యానాం బడికెళ్తే రాదు. ఇల్లు యానాంలో ఉండి పిల్లాడు ఆంధ్రా బడికెళ్తే ఆంధ్రా రేషన్ కార్డు లేదు కాబట్టి అదీ రాదు. ఈ లెక్క నేను ఎన్ని వందలసార్లు చెప్పానో. "ఆధార్ ఉంది కదా బాబూ" అంటారు. ఆధార్‌దేముందండీ, అది ఢిల్లీది.

సరిహద్దు దాటి పిల్లల్ని తీసుకురావడం మా ఊరికి కొత్తేం కాదు లెండి. బ్రిటిషు వాళ్ళ పాలనలో శారదా చట్టం వచ్చి 1930 ఏప్రిల్ నుంచి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నేరమయ్యాక, ఆ చట్టం చెల్లని యానాంకి జనం పడవల్లోనూ బండ్లలోనూ పెళ్ళివారై తరలొచ్చారు. ఊరికి కల్యాణపురం అని పేరు కూడా పడింది. మా నాయనమ్మ పెళ్ళి అలాంటిదే. ఆవిడ యానాం గట్టెక్కింది తాళి కట్టించుకోవడానికి, ఆవిడ మనవరాళ్ళు ఎక్కింది పలక పట్టుకుని. మా ఆవిడది గోదారవతల ఎదుర్లంక. వారధి లేని రోజుల్లో పంటు మీద దాటొచ్చి యానాంలో లెక్కల ట్యూషను చెప్పించుకునేది. పంటు ఆలస్యమైతే ఆ రోజుకి బీజగణితం లేనట్టే. ఇప్పుడు బాలయోగి గారి పేరున్న వారధి మీద స్కూలు ఆటో అయిదు నిమిషాల్లో దాటేస్తుంది.

వరదొస్తే, తుఫానొస్తే మాత్రం గట్టు ఎవరిదని ఎవరూ అడగరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో మేమంతా బడి వరండాలో తలదాచుకున్నాం. అటు ఊరి వాళ్ళూ అక్కడే, ఇటు ఊరి వాళ్ళూ అక్కడే. తెల్లారి చూస్తే మా తరగతి గది బల్లల మీద ఆంధ్రా వాళ్ళ పసిపిల్లలు నిద్రపోతున్నారు. నాకు ఇప్పటికీ బడి అంటే ఆ రాత్రి గుర్తొస్తుంది. 2022 జులై వరదలోనూ అంతే.

అసలు విషయానికి వస్తున్నా. ఇదంతా చెప్పింది ఈ ఒక్క సంగతి కోసం.

కొన్నేళ్ళ కిందట ఒకాయన, నాకు బాబాయ్ వరస, కూతుర్ని తీసుకుని ఆంధ్రాలో ఇంజినీరింగ్ సీట్లకి పెట్టే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కాగితాలు పెట్టించడానికి వచ్చాడు. ఇల్లు తాళ్ళరేవు మండలంలో, యానాం పొలిమేరకి కూతవేటు దూరం. పిల్లని ఆరో తరగతిలో యానాం ప్రభుత్వ బళ్ళో వేశాడు. కారణం ఏ తండ్రైనా చెప్పేదే. వాళ్ళ మండలంలో హైస్కూలు నాలుగు కిలోమీటర్లు, యానాం బడికి ఆడపిల్ల నడిచే వెళ్ళిపోవచ్చు. పంతుళ్ళు బాగా చెబుతారని పేరు. పది అక్కడే, ఇంటర్ కూడా యానాం ప్రభుత్వ కాలేజీలోనే. మార్కులు బ్రహ్మాండం. ఈఏపీసెట్ ర్యాంకూ బానే వచ్చింది.

లోకల్ స్టేటస్ గడి దగ్గర నేను ఆగిపోయాను.

"బాబాయ్, పాప నాన్‌లోకల్ అవుతుంది."

"నాన్‌లోకల్ ఏంట్రా? మా తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నాం."

"నువ్వు లోకలే. పాప కాదు."

ఆయన కవర్లోంచి ఇంటర్ మెమో తీసి కౌంటరు మీద పరిచాడు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియెట్ బోర్డు అని పెద్దక్షరాలతో ఉంది. అప్పటికి యానాం కాలేజీ ఆంధ్రా బోర్డు పరీక్షలే రాయిస్తోంది మరి. "ఇదిగో, చదువుకో. ఆంధ్రప్రదేశ్ అని లేదూ?" అన్నాడు.

ఉంది. కానీ లోకల్ అనేది బోర్డుని బట్టి కాదు, బడి ఏ నేల మీద ఉందో దాన్ని బట్టి. రాజ్యాంగంలో 371డి అని ఒక అధికరణం ఉంది. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. పై చదువుల సీట్లలో 85 శాతం లోకల్ పిల్లలకి. లోకల్ ఎవరంటే, ఇంటర్ రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఆ ఏరియాలో చదివినవాళ్ళు. అది కుదరకపోతే వెనక్కి ఏడేళ్ళు చూసి ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. తాళ్ళరేవుకి ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా వర్తిస్తుంది. చుట్టూ ఉన్న నేలంతా ఆ ఏరియానే, మధ్యలో ఈ 30 చదరపు కిలోమీటర్లు తప్ప. ఆరు నుంచి ఇంటర్ దాకా, అంటే సరిగ్గా ఆ ఏడేళ్ళూ, ఈ పిల్ల చదివింది ఆ 30 కిలోమీటర్ల లోపల. చెన్నైలో చదివిన పిల్లకీ మా పిల్లకీ ఉత్తర్వు ముందు తేడా లేదు.

మిగిలింది 15 శాతం అన్‌రిజర్వుడు. దానికి తల్లిదండ్రులు పదేళ్ళుగా రాష్ట్రంలోనే ఉన్నట్టు తహసీల్దారు ఇచ్చే కాగితం కావాలి. ఆ కాగితం బాబాయ్‌కి దొరికింది, అందులో కష్టం లేదు. కానీ ఆ 15 శాతంలో లోకల్ పిల్లలు కూడా పోటీ పడతారు, పై ర్యాంకుల వాళ్ళు ముందు అక్కడే కూర్చుంటారు. ఈ పిల్ల ర్యాంకుకి 85 శాతంలోనైతే కాకినాడలో కోరుకున్న సీటు వచ్చుండేది.

"పోనీ పుదుచ్చేరి వాళ్ళిస్తారు కదా, యానాం పిల్లలకి విడిగా సీట్లున్నాయంట" అంది ఆ పిల్ల. తెలివైనది, నాకన్నా ముందే ఆలోచించింది. నిజమే, పుదుచ్చేరిలో కాలేజీ సీట్లు పంచే సెంటాక్ కౌన్సెలింగ్‌లో యానాం ప్రాంతానికని విడిగా సీట్లుంటాయి. కానీ అక్కడ అడిగేది బడి కాదు, ఇల్లు. అయిదేళ్ళు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో కాపురమున్నట్టు రెసిడెన్స్ సర్టిఫికెట్ కావాలి. వీళ్ళ ఇల్లు ఆంధ్రాలో ఉంది.

ఆంధ్రా నీ బడి ఎక్కడని అడిగింది. పుదుచ్చేరి నీ ఇల్లు ఎక్కడని అడిగింది. ఆ ప్రశ్నలే తారుమారుగా అడిగుంటే ఈ పిల్లకి రెండు చోట్లా సీటొచ్చేది. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయింది.

బాబాయ్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆరో తరగతిలో చేర్చుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదేంట్రా?" అన్నాడు. ఎవరు చెబుతారు? చేర్చుకునే హెడ్మాస్టరుకి పిల్ల దొరికితే సంతోషం, ఆయన పని ఆరో తరగతి వరకే. పుదుచ్చేరి నుంచి వచ్చే సర్క్యులర్లో ఆంధ్రా ఉత్తర్వు ఉండదు. విజయవాడ నుంచి వచ్చే సర్క్యులర్లో యానాం అన్న పేరే ఉండదు. రెండు ఆఫీసులూ తమ పని తాము సరిగ్గానే చేశాయి. నాకు కోపమంతా అందుకే. ఎవరైనా తప్పు చేసుంటే అర్జీ పెట్టుకోవచ్చు. ఎవరూ తప్పు చేయనప్పుడు అర్జీ ఎవరి మీద?

ఉత్తర్వు చెడ్డదని కూడా అనలేను. వెనకబడిన ప్రాంతం పిల్లలకి సీట్లు బయటివాళ్ళు ఎగరేసుకుపోకూడదని పెట్టింది అది. మా యానాం కోటా కూడా అందుకే. నాకు తోచింది ఒకటే, సరిహద్దు మండలాలకి ఒక్క వాక్యం కలిపితే సరిపోతుంది. తాళ్ళరేవు, ఐ.పోలవరం లాంటి చోట్ల ఇల్లుండి యానాంలో చదివిన పిల్లని లోకల్‌గా చూడొచ్చు అని. రాష్ట్రపతి ఉత్తర్వుకి సవరణంటే ఢిల్లీ దాకా పోవాలి. ఈ పిడికెడు పిల్లల కోసం ఫైలు ఎవరు మోస్తారు? ఓట్లు ఒక పక్క, బడి ఇంకో పక్క.

దీనికి తిరగేసిన కథ యానాం లోపలి పిల్లలది. వాళ్ళ ఇల్లూ ఇక్కడే, బడీ ఇక్కడే, అన్నీ సవ్యం. 2023 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వం ప్రభుత్వ బళ్ళలో చదివిన పిల్లలకి మెడికల్ సీట్లలో 10 శాతం విడిగా ఇస్తోంది. అంటే ముందు నుంచీ ప్రభుత్వ బళ్ళోనే చదివి పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన యానాం పిల్ల అక్కడే ప్రభుత్వ బళ్ళో పదకొండు, పన్నెండు చదివితే ఆ దారి తెరిచి ఉంటుంది. మనవాళ్ళేం చేస్తారు? పది ఫలితాలు వచ్చిన వారానికే కాకినాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేస్తారు. ఆ ఫారం నింపేటప్పుడు నేను చెబుతాను, "అత్తా, ప్రభుత్వ బడి కోటా పోద్ది సుమా" అని. "ఇక్కడ నీట్ కోచింగ్ ఎవరు చెబుతార్రా" అంటుంది. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు. ఆ పది శాతంలో సీటు రావాలన్నా నీట్ ర్యాంకే కావాలి కదా. అందుకని నేను చెప్పి ఊరుకుంటాను, వాదన పెట్టుకోను. వాదన పెట్టుకుంటే లామినేషను కూడా వేరే షాపులో చేయించుకుంటారు.

ఇంకో చిక్కు యూడైస్, అంటే దేశంలో బళ్ళ లెక్కలన్నీ ఎక్కించే పోర్టల్. ఈ మధ్య ప్రతి పిల్లకీ పెన్ అని ఒక శాశ్వత నంబరు ఇస్తున్నారు. బడికీ ఒక కోడు ఉంటుంది, ఆంధ్రా బళ్ళకి 28తో, పుదుచ్చేరి బళ్ళకి 34తో మొదలవుతుంది. పిల్ల బడి మారితే పాత బడి వాళ్ళు పోర్టల్లో ఆ పేరుని డ్రాప్‌బాక్స్‌లోకి వదలాలి, కొత్త బడి వాళ్ళు అందులోంచి లాక్కోవాలి. ఒకే మండలంలో అయితే ఆ హెడ్మాస్టరు ఈ హెడ్మాస్టరుకి ఫోన్ కొట్టి పని కానిచ్చేస్తాడు. 28 నుంచి 34కి అంటే ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు. టీసీ చేతికొచ్చి నెలలైనా కొందరు పిల్లలు కంప్యూటర్లో పాత బళ్ళోనే కూచుని ఉంటారు. పిల్ల ఇక్కడ అటెండెన్సు పలుకుతుంటుంది, పేరేమో అక్కడ. అలాంటివి వస్తే నేను డబ్బులు తీసుకోను, రెండు బళ్ళకీ నేనే బండేసుకుని తిరుగుతాను. తీరా చూస్తే రెండు బళ్ళ మధ్యా దూరం మా ఊరి కాలవ గట్టు పొడవంత.

బాబాయ్ కూతురు చివరికి యానాంలోనే డాక్టర్ ఎస్‌ఆర్‌కే ప్రభుత్వ కాలేజీలో డిగ్రీలో చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు మీద 1973లో పెట్టిన కాలేజీ. మంచి కాలేజీ, నేనూ అక్కడే చదివాను. ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాస్తోంది, హాల్ టికెట్లకి నా దగ్గరకే వస్తుంది. ఇంజినీరింగ్ మాట ఎత్తదు, నేనూ ఎత్తను.

మొన్న జూన్‌లో బాబాయ్ మళ్ళీ వచ్చాడు, ఈసారి కొడుకు టీసీతో. అయిదు అయిపోయింది, ఆరులో వేయాలి. వెంట పిన్ని కూడా వచ్చింది.

"ఎక్కడ వేద్దాంరా?" అన్నాడు బాబాయ్.

"మీ మండలం హైస్కూల్లోనే వెయ్యి బాబాయ్."

పిన్నికి నచ్చలేదు. "అది నాలుగు కిలోమీటర్లు. ఆటోకి నెలకెంతో తెలుసా నీకు? యానాం బడికైతే నడిచి పోతాడు. అక్కని అక్కడ చదివించినోళ్ళం వీణ్ణి మాత్రం ఎందుకు కాదంటాం?"

"అక్కకి ఏమైందో చూశావు కదా పిన్నీ."

"ఏమైంది? డిగ్రీ చదివింది. వీడు ఇంజినీరింగే చదువుతాడని నీకెవరు చెప్పారు? అసలు ఆరో తరగతి పిల్లాడికి ఇంటర్ తర్వాత సంగతి ఇప్పుడెందుకు?" అంది. తర్వాత ఇంకోటి కూడా అంది. "నీ కొడుకు యానాం బళ్ళోనే కదా చదువుతున్నాడు. నీ కొడుక్కి మంచిదైన బడి మా వాడికి చెడ్డదెలా అయ్యింది?"

దానికి నా దగ్గర జవాబుంది, మా ఇల్లు కూడా యానాంలోనే ఉంది కాబట్టి అని. చెప్పాను. నేను ఎచ్చులు పోతున్నానని ఆవిడ అనుకుంది.

పిల్లాణ్ణి చివరికి మండలం హైస్కూల్లోనే వేశారు. ఆటో డబ్బులు తల్లికి వందనం డబ్బుల్లోంచి కడుతున్నారట. బాబాయ్ ఎప్పుడన్నా టీ తాగడానికి ఆగుతాడు. పిన్ని మాత్రం జిరాక్సులకి ఎదురు షాపుకెళ్తోంది. ఆ షాపు యానాంలో ఉంది.